అంకుల్ అంటే ఏ అంకుల్?

ఒక చిన్న పని చెప్తాను, చేస్తారా? ఫోన్‌లో కాంటాక్ట్స్ తెరిచి 'అంకుల్' అని కొట్టండి. ఎంతమంది వచ్చారు? నాకు పదిహేడు మంది వచ్చారు. ఒకాయన నాన్న స్నేహితుడు, ఒకాయన పాత ఇంటి ఓనరు, ఒకాయన గ్యాస్ సిలిండర్ తెచ్చే మనిషి. నిజంగా చుట్టాలు ఇద్దరే. ఆ ఇద్దరిలో ఎవరు అమ్మ వైపో, ఎవరు నాన్న వైపో నాకు తెలీలేదు. అమ్మకి ఫోన్ చేసి అడిగితే, ముందు ఒక నిమిషం తిట్టి తర్వాత చెప్పింది.

ఈ వారం మన కబుర్లు ఆ 'అంకుల్' గురించే. కాకపోతే ఈసారి దారి కొంచెం పొడుగు. హైదరాబాద్‌లో బయల్దేరి బెల్‌గ్రేడ్, మాస్కో, ప్రాగ్ చుట్టి మళ్లీ మన వంటింటికి వస్తాం.

ఫారంలో లేని చుట్టం

పోయినేడాది మా పెద్దమ్మ పోయింది. అమ్మకి అక్క. అమ్మా నాన్నా ఉద్యోగాల కోసం ఊళ్లు మారుతున్న రోజుల్లో ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా నన్ను రాజమండ్రిలో పెంచింది ఆవిడే. జడలు వేసింది, ఎక్కాలు నేర్పింది, జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చుంది. రాత్రి పదకొండింటికి ఫోనొచ్చింది. బస్సులో కూర్చుని ఆఫీసు పోర్టల్‌లో లీవు పెట్టబోయాను.

దగ్గరివాళ్లు పోయినప్పుడు మా ఆఫీసులో ఐదు రోజులు సెలవు ఇస్తారు. 'మీకు ఏమవుతారు?' అని ఒక డ్రాప్‌డౌన్ ఉంది. తల్లి, తండ్రి, భార్య లేదా భర్త, పిల్లలు, తోబుట్టువులు. వీళ్లందరి కింద 'అంకుల్ / ఆంటీ'. అది నొక్కగానే ఎర్ర అక్షరాలు వచ్చాయి: ఈ బంధుత్వానికి సెలవు వర్తించదు.

'తల్లి' అని నొక్కి ఉంటే సెలవొచ్చేది. అది పూర్తి అబద్ధం కూడా కాదు, పిలుపులోనే అమ్మ ఉంది కదా. కానీ రేపు కాగితాలు అడిగితే ఏం చూపించాలి? సొంత సెలవులు రెండు పెట్టుకుని, మూడో రోజు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. పెద్ద కర్మకి వెళ్లలేకపోయాను. అది ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది.

విచిత్రం ఏంటంటే, నాలుగు నెలలకి ఆ ఫారమే మా టీం చేతికొచ్చింది. యూరప్ ఆఫీసులకి కూడా పనికొచ్చేలా మార్చమన్నారు. టెస్టింగ్ మొదలైన మొదటి వారంలోనే బెల్‌గ్రేడ్‌లో ఉండే మా టెస్టర్ ఒక బగ్ వేసింది. దాని హెడ్డింగు: 'అంకుల్ అంటే ఎవరు?'

నేను కాల్‌లో నవ్వేశాను. 'నీకూ ఇదే గొడవా?' అన్నాను. అలా మొదలైంది మా ఇద్దరి కబుర్లు. ఆ తర్వాత రెండు నెలలు రాత్రిళ్లు నేను చదివిందంతా ఆ బగ్ పుణ్యమే.

సెర్బియాలో ముగ్గురు అంకుల్స్

సెర్బియన్ భాషలో నాన్న తమ్ముడో అన్నో అయితే 'స్త్రిత్స్'. అమ్మ తోడబుట్టినవాడైతే 'ఉయాక్'. అత్త భర్తో, పిన్ని భర్తో అయితే 'తేతక్'. ముగ్గురూ ఇంగ్లీషులో అంకులే. మరి ఆవిడ బగ్ వెయ్యకుండా ఎలా ఉంటుంది? స్త్రిత్స్ భార్యని 'స్త్రీనా' అంటారు, ఉయాక్ భార్యని 'ఉయ్నా' అంటారు. మనకి ఇందులో కొత్తేముంది? పెదనాన్న, బాబాయి ఒక పక్క. మేనమామ ఇంకో పక్క. పెద్దమ్మ, పిన్ని ఒక వరస; అత్తయ్య వేరే వరస. నేను మన లిస్టు చెప్తుంటే ఆవిడ నోట్స్ రాసుకుంది.

కానీ ఒక చోట ఇద్దరం ఆగిపోయాం. అమ్మ అక్కచెల్లెళ్లనీ, నాన్న అక్కచెల్లెళ్లనీ వాళ్లు ఒకే మాటతో 'తేత్కా' అంటారు. మనకి పెద్దమ్మ వేరు, మేనత్త వేరు. ఒకరు అమ్మ లాంటి మనిషి, ఇంకొకరు రేపు అత్తగారు అవ్వగలిగిన మనిషి. ఆ తేడా ఎందుకో చెప్పడానికి నాకు పావుగంట పట్టింది. దాని సంగతి తర్వాత చెప్తాను, గుర్తు పెట్టుకోండి.

ఇంతకీ 'అంకుల్' అనే మాట ఎక్కణ్నుంచి వచ్చింది? లాటిన్‌లో నాన్న సోదరుణ్ని 'పత్రుఉస్' అనేవాళ్లు, అమ్మ సోదరుణ్ని 'అవుంకులుస్' అనేవాళ్లు. 'అవుస్' అంటే తాత, దానికి 'చిన్న' అనే అర్థం తోడై అవుంకులుస్ అయింది. అంటే 'చిట్టి తాత'. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చేసరికి అది అంకుల్‌గా అరిగిపోయింది. అంటే అంకుల్ అసలు అర్థం మేనమామ ఒక్కడే! ఇక 'ఆంట్' లాటిన్ 'అమిత' నుంచి వచ్చింది. అమిత అంటే మేనత్త. గ్యాస్ సిలిండర్ మనిషిని మనం ఇన్నాళ్లూ మేనమామా అని పిలుస్తున్నామన్నమాట.

సెర్బియన్ 'ఉయాక్', లాటిన్ 'అవుస్', ఇంగ్లీష్ 'అంకుల్' ఒకే వేరు నుంచి పుట్టినవే. చూడ్డానికి పోలికే లేదు, అయినా రక్తసంబంధం ఉంది.

మాత, మాతృ, మాత్, మాతెరి

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పుకోవాలి, బోర్ కొట్టించను. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని 1786లో కలకత్తాలో విలియం జోన్స్ అన్నాడు. తర్వాత వచ్చిన పండితులు ఆ కుటుంబంలో స్లావిక్ భాషల్ని కూడా కలిపారు. రష్యన్, ఉక్రేనియన్, పోలిష్, చెక్, సెర్బియన్, బల్గేరియన్ అన్నీ అందులోవే. మన తెలుగు మాత్రం ఆ కుటుంబం కాదు. తెలుగు, తమిళం, కన్నడం వేరే కుటుంబమని 1816లో మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ చూపించాడు, అదీ ఒక తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో. అమ్మ, నాన్న, అన్న, అక్క మన సొంత మాటలు. కానీ సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న మాటలు బోలెడు ఉన్నాయి కాబట్టి, ఆ కిటికీలోంచి చూస్తే స్లావుల ఇల్లు మనకి బాగానే కనిపిస్తుంది.

మనం 'మాత' అంటాం, 'మాతృభాష' అంటాం. ఆ 'ఋ' ఒకసారి కనబడుతుంది, ఒకసారి మాయమవుతుంది. రష్యన్‌లో అమ్మ 'మాత్'. 'అమ్మకి', 'అమ్మ యొక్క' అనాల్సి వస్తే 'మాతెరి'. దాక్కున్న 'ర' బయటికొచ్చింది చూశారా? కూతురు 'దోచ్'. విభక్తి చేరితే 'దోచెరి'. సంస్కృతంలో దుహిత, దుహితృ. సెట్టింగ్స్ మెనూలో ఏ మూలో దాక్కున్న ఆప్షన్ లాగా, వేల ఏళ్ల నాటి 'ర' ఇంకా అక్కడే ఉంది.

భ్రాతృ అక్కడ 'బ్రాత్', చెక్‌లో అయితే 'బ్రాతర్'కి దగ్గరగా పలుకుతారు. సూను అంటే కొడుకు, రష్యన్‌లో 'సిన్'. స్వసృ అంటే సోదరి, అక్కడ 'సెస్త్రా'. మధ్యలో 'త' ఎక్కడిదని నేనూ అనుకున్నాను. 'స'కీ 'ర'కీ మధ్య పలకడం కష్టమై స్లావులు ఒక 'త'ని దూర్చారు. విధవ అక్కడ 'వ్దొవా'. పలికి చూడండి, చాలు.

మరి నాన్న? పితృ అనే మాట అక్కడా ఉండాలి కదా. లేదు! తండ్రిని రష్యన్‌లో 'అతేత్స్' అంటారు, చెక్‌లో 'ఒతెత్స్'. ఇది 'అత్తా' అనే పసిపిల్లల మాట నుంచి వచ్చింది. గోతిక్ అనే పాత భాషలో కూడా 'అత్తా' అంటే నాన్నే. దానికి ముద్దుగా ఒక తోక తగిలిస్తే అతేత్స్ అయింది. అంటే పెద్దమనిషి లాంటి 'తండ్రి'ని తీసేసి, పిల్లలు పిలిచే 'నాన్న'ని ఆ కుర్చీలో కూర్చోబెట్టారు.

అయితే పితృ పూర్తిగా పోయిందా అంటే, పోలేదంటారు చాలామంది భాషావేత్తలు. నాన్న సోదరుడికి పాత స్లావిక్ మాట 'స్త్రియ్'. సంస్కృతంలో పితృవ్య అంటే నాన్న సోదరుడే. ముందున్న 'పత్ర్' కాస్తా పలికే తేలిక కోసం 'స్త్ర్' అయిపోయిందని వాళ్ల వివరణ. నాన్న అనే మాట పోయింది, కానీ చిన్నాన్న అనే మాట లోపల నాన్న ఇంకా ఉన్నాడు. ఇది చదివిన రాత్రి నాకు పెద్దమ్మే గుర్తొచ్చింది. మన మాటలో అయితే దాచిపెట్టడం కూడా లేదు. పెద్ద 'అమ్మ' అని పైకే చెప్తున్నాం. అయినా ఫారం వినలేదు.

మధ్యలో ఒక హెచ్చరిక. పోలిక కనపడిన ప్రతి మాటా చుట్టం కాదు. బల్గేరియన్‌లో అక్కని 'కాకా' అంటారు. తెలంగాణలో కాక అంటే చిన్నాన్న. జార్జియన్ భాషలో 'మామా' అంటే నాన్న, 'దెదా' అంటే అమ్మ! ఇవన్నీ పిల్లల నోట్లో తేలిగ్గా తిరిగే శబ్దాలు. మాస్కోలో పుట్టిన రోమన్ యాకబ్సన్ అనే భాషావేత్త దీనిమీద ఒక వ్యాసమే రాశాడు. పెదాలతో పలికే మ, ప, బ పిల్లలకి ముందు వస్తాయి, పక్కనున్న పెద్దవాళ్లు వాటిని తమ పేర్లనుకుని మురిసిపోతారు.

తోడికోడలి పేరు

ఇప్పుడు అసలు మజా. మరిదిని సెర్బియన్‌లో 'దేవెర్' అంటారు, రష్యన్‌లో కూడా దాదాపు అంతే. సంస్కృతంలో దేవర. హిందీలో దేవర్. మన ఎన్‌టీఆర్ సినిమా దేవర వేరు, ఇది వేరు. తోడికోడల్ని సెర్బియన్‌లో 'యేత్ర్వా' అంటారు. సంస్కృతంలో యాతృ అంటే భర్త అన్నదమ్ముల భార్య. కోడలు అక్కడ 'స్నాహా', రష్యన్‌లో 'స్నొఖా', సంస్కృతంలో స్నుషా. అత్తగారు అక్కడ 'స్వెక్ర్వా', సంస్కృతంలో శ్వశ్రూ. మామగారు 'స్వెకర్', సంస్కృతంలో శ్వశురుడు.

ఈ లిస్టులో ఒక ప్యాటర్న్ కనిపించిందా? అందరూ భర్త వైపు వాళ్లే. వేల మైళ్ల దూరంలో ఉన్న భాషల్లో కూడా భర్త అమ్మ, భర్త తమ్ముడు, భర్త తమ్ముడి భార్య అన్న మాటలు ఒకేలా మిగిలాయి. భార్య తరఫు వాళ్ల మాటలు మాత్రం ఏ భాషకి ఆ భాష తర్వాత కల్పించుకున్నవే ఎక్కువ. జర్మన్ పండితుడు డెల్‌బ్రూక్ 1889లోనే ఈ బంధుత్వ పదాల మీద పెద్ద పుస్తకం రాశాడు. ఈ తేడా నుంచి పండితులు తేల్చింది ఒకటే. ఆ పాత రోజుల్లో పెళ్లయ్యాక ఆడపిల్లే ఇల్లు మారేది. కొత్త ఇంట్లో ఎవరెవరున్నారో తెలుసుకోవాల్సిన అవసరం ఆమెదే. ఆ మాటలు ఎక్కువ వాడింది, మోసింది ఆమే.

సెర్బియా, బల్గేరియా వైపు 'జాద్రుగా' అని పెద్ద ఉమ్మడి కుటుంబాలు ఉండేవి. అన్నదమ్ములు, వాళ్ల భార్యలు, పిల్లలు ఒకే ఆస్తి, ఒకే పొయ్యి. ఇరవయ్యో శతాబ్దం మొదటి దాకా కూడా అలాంటి ఇళ్లు మిగిలాయి. పొద్దున లేస్తే పక్కనే ముగ్గురు తోడికోడళ్లు ఉంటే, వాళ్లకి ఒక పేరు ఉండక తప్పదు కదా. అపార్ట్‌మెంట్లు వచ్చాయి, యేత్ర్వా అనే మాట వాడాల్సిన రోజులు తగ్గాయి. మా టెస్టర్‌కి ఆ మాట తెలుసు, కానీ ఎప్పుడూ అనాల్సిన పని పడలేదట.

భార్య వైపు వాళ్ల మాటల్లో రష్యన్‌లో నాకు నచ్చింది 'స్వొయాక్'. భార్య అక్క లేదా చెల్లెలి భర్త. అంటే మన తోడల్లుడు. 'స్వొయ్' అంటే సొంత, తనది. సంస్కృతంలో స్వ. తోడల్లుణ్ని 'మనోడు' అని పిలుచుకుంటున్నారు. ఆ వేరు నుంచే సెర్బియన్‌లో ఇంకో మాట వచ్చింది, వింటే ఉలిక్కిపడతారు. భార్య అక్కచెల్లెళ్లని 'స్వాస్తికా' అంటారు! గుమ్మం మీద మనం వేసే స్వస్తిక్‌కి దీనికి సంబంధం లేదు. అది సు, అస్తి కలిసి వచ్చింది. ఇది 'మన మనిషి' అన్న అర్థం నుంచి వచ్చింది. మా టెస్టర్ 'వీకెండ్‌కి మా ఆయన స్వాస్తికా వస్తోంది' అన్నప్పుడు నేను మ్యూట్‌లో ఉండబట్టి బతికిపోయాను.

తెలియని పిల్ల

కొత్త పెళ్లికూతుర్ని రష్యన్‌లో 'నెవేస్తా' అంటారు. కోడల్ని 'నెవేస్త్కా' అని కూడా అంటారు. దీనికి ఎక్కువమంది చెప్పే అర్థం 'తెలియనిది' అని. 'నె' అంటే కాదు, 'వేద్' అంటే తెలియడం. మన వేదంలో ఉన్నది కూడా ఆ వేరే. 'కొత్తగా తేబడినది' అనే వాళ్లూ ఉన్నారు, ఆ వాదన ఇంకా తేలలేదు. ఏదైనా కానీ, బయటి నుంచి వచ్చిన పిల్ల అన్న భావం అందులో ఉంది.

ఇప్పుడు ఇందాక గుర్తు పెట్టుకోమన్న తేత్కా సంగతి. మన దగ్గర మేనరికం ఉండేది. మేనమామ కొడుకో, మేనత్త కొడుకో బావ. వాళ్ల కూతురైతే మరదలు. అందుకే అమ్మ సోదరుడూ మామే, పిల్లనిచ్చినాయనా మామే. నాన్న అక్కచెల్లెళ్లూ అత్తే, మొగుడి తల్లీ అత్తే. పెళ్లికూతురు 'తెలియని పిల్ల' అయ్యే సమస్యే లేదు, చిన్నప్పుడు జడ పట్టుకుని లాగిన పిల్లే. అదే పెద్దమ్మ పిల్లలూ బాబాయి పిల్లలూ అయితే అన్నాచెల్లెళ్లు, పెళ్లి మాటే ఎత్తకూడదు. అందుకే మనకి అమ్మ వైపు ఆడవాళ్లకి, నాన్న వైపు ఆడవాళ్లకి వేరే మాటలు తప్పనిసరి. మన వరసల పేర్లు అసలు పెళ్లి రూల్స్. అమెరికన్ పరిశోధకుడు లూయిస్ హెన్రీ మోర్గన్ 1871లో ప్రపంచమంతటి బంధుత్వాల మీద వేసిన పెద్ద పుస్తకంలో తమిళం, తెలుగు వరసలకి కూడా చోటిచ్చాడు.

స్లావుల దగ్గర మేనరికం లేదు. అటు పిల్లలైనా ఇటు పిల్లలైనా అందరూ బ్రాత్, సెస్త్రాలే. రష్యన్‌లో కజిన్‌ని కూడా 'అన్న' వరసలోనే చెప్తారు. పెళ్లికి ఎవరూ పనికిరానప్పుడు పెద్దమ్మ, మేనత్త ఒకే తేత్కా అయితే నష్టమేముంది? బావని పెళ్లి చేసుకోవడం గురించి చెప్తే మా టెస్టర్ చాలాసేపు మాట్లాడలేదు. 'ఇప్పుడు డాక్టర్లు వద్దంటున్నారులే, బాగా తగ్గింది' అని సర్దిచెప్పాను.

మరి మేనరికాలు తగ్గాక అత్త, మామ అనే మాటలకి ఏ పని మిగులుతుంది? నాకు పెళ్లయి ఏడాదిన్నర. మా అత్తగారు నాకు మేనత్త కాదు, మాట్రిమోనీ సైట్‌లో దొరికారు. లెక్క ప్రకారం నేను 'నెవేస్త్కా'నే. అయినా మొదటి రోజు 'అత్తయ్యా' అని పిలవగానే ఆవిడ మొహంలో ఏదో తేలికపడింది. రూల్ పోయినా పిలుపు తన పని చేస్తూనే ఉంది.

రోబోకి అర్భకుడు చుట్టం

ఇంజనీరింగ్ చదివినవాళ్ల కోసం ఒకటి. రష్యన్‌లో పసిపిల్లని 'రెబ్యోనక్' అంటారు. దీని పాత వేరు 'ఒర్బ్'. దిక్కులేని బిడ్డ, ఇంకొకరి చెప్పుచేతల్లో ఉండేవాడు అని అర్థం. ఆ వేరు నుంచే 'రాబ్' అంటే బానిస అనే మాట, చెక్‌లో 'రొబొతా' అంటే వెట్టిచాకిరీ అనే మాట పుట్టాయి. 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ మనుషుల్లాంటి పనివాళ్ల గురించి నాటకం రాస్తూ వాళ్లకి ఏం పేరు పెట్టాలా అనుకుంటే, చిత్రకారుడైన అన్న యోసెఫ్ 'రోబో' మాట అందించాడు. గ్రీకులో దిక్కులేనివాడు 'ఒర్ఫనోస్', ఇంగ్లీష్ ఆర్ఫన్ అదే. ఇక సంస్కృతంలో? 'అర్భ', 'అర్భక'. పిల్లవాడు అని. తెలుగులోకి వచ్చి బక్కపల్చటి, బలంలేని అర్భకుడయ్యాడు.

రోబో, అనాథ, అర్భకుడు ఒకే ఇంటి పిల్లలు. ఎవరూ లేని బిడ్డతో చాకిరీ చేయించుకున్న పాత రోజులు ఆ మాటల్లో కనపడుతున్నాయి. బంధుత్వ పదాలంటే అన్నీ తియ్యగా ఉండవు.

మాటలు ఎలా పోతాయి?

పాత రష్యన్‌లో కూడా స్త్రియ్ వేరు, 'ఉయ్' వేరు. 970వ సంవత్సరం నాటి సంగతులు చెప్తూ వాళ్ల పాత చరిత్ర గ్రంథం దొబ్రీన్యా అనే ఆయన్ని వ్లాదిమిర్‌కి 'ఉయ్' అని రాసింది. అంటే మేనమామ. వ్లాదిమిర్ తల్లి రాజు పెళ్లాడిన రాణి కాదు, ఇంట్లో తాళాలు చూసుకునే మనిషి. అలాంటి పిల్లవాణ్ని నొవ్‌గొరొద్‌కి పాలకుడిగా అడగమని అక్కడివాళ్లకి సలహా ఇచ్చింది ఈ మేనమామే. ఆ పిల్లవాడు తర్వాత కీవ్‌ని ఏలాడు. మేనమామ అండ ఏంటో మనకి వేరే చెప్పాలా?

ఇప్పటి రష్యన్‌లో ఇద్దరికీ కలిపి 'ద్యాద్యా' ఒక్కటే. అది కూడా పిల్లల మాటే. చెహోవ్ నాటకం 'అంకుల్ వాన్యా' పేరు వినే ఉంటారు, 1897లో అచ్చయింది. వాన్యా ఆ నాటకంలో సోన్యాకి చనిపోయిన తల్లి తోడబుట్టినవాడు. రష్యన్ పేరులో ఆ ముక్క తెలీదు, ఇంగ్లీష్ పేరులో తెలీదు. తెలుగులో 'వాన్యా మామయ్య' అంటే చాలు, తల్లిలేని ఆ పిల్లతో ఆయన ఎందుకు అలా మిగిలిపోయాడో సగం అక్కడే అర్థమవుతుంది.

పోలిష్‌లో ఇది మన కళ్ల ముందే జరుగుతోంది. అక్కడ నాన్న సోదరుడు 'స్త్రియ్', అమ్మ సోదరుడు 'వుయ్'. ఇప్పుడు చాలామంది ఇద్దర్నీ 'వుయెక్' అనే అంటున్నారు. వుయ్ ఎవరో గుర్తుందా? అంకుల్‌కి తోబుట్టువు. ఫ్రెంచిలో మేనమామ మాట నాన్న సోదరుణ్ని మింగేసింది, పోలిష్‌లో మళ్లీ మేనమామ మాటే గెలుస్తోంది. మన హాస్టళ్లలో 'ఏం మామా' అని ఫ్రెండ్‌ని పిలవడం కూడా చూస్తే, ఎక్కడైనా నెగ్గేది మేనమామేనేమో అనిపిస్తుంది. బెల్‌గ్రేడ్ కుర్రాళ్లు మాత్రం మాట మాటకీ 'బ్రాతె' అంటారు. మన 'బ్రో'నే. ఆడవాళ్లని కూడా అలాగే అంటారట.

మాట పోతే చుట్టం పోతాడా? పోడు. పోలాండ్‌లో నాన్న తమ్ముళ్లు ఉన్నారు, వాళ్లని ప్రేమించే పిల్లలూ ఉన్నారు. మాట పోతే ఏ మనిషి మనకి ఎందుకు దగ్గరో చెప్పే పని మన మీద పడుతుంది. మా అమ్మాయి పెద్దయ్యాక నా చెల్లెల్ని ఆంటీ అన్నా వాళ్లిద్దరి మధ్య ప్రేమ తగ్గదు. కానీ ఎప్పుడో ఒక రాత్రి బస్సులో కూర్చుని ఒక ఫారం నింపాల్సొస్తే, 'పిన్ని' అనే మాటలో చిన్న అమ్మ ఉందని తనకి ఎవరూ చెప్పకపోతే, ఆ ఎర్ర అక్షరాలు నిజమేననుకుంటుంది. నా భయం అది.

బగ్ క్లోజ్

ఆ బగ్‌ని ఎలా క్లోజ్ చేశామో చెప్పి ముగిస్తాను. ప్రతి భాషకీ ఒక డ్రాప్‌డౌన్ చేద్దామని మొదట అనుకున్నాం. తెలుగు ఒక్కదానికే కాగితం నిండిపోయింది. పైగా చిన్నాయన అనే ఊరు వేరు, బాబాయి అనే ఊరు వేరు. చివరికి డ్రాప్‌డౌన్ తీసేసి ఒక ఖాళీ పెట్టె పెట్టాం: 'మీరు వాళ్లని ఏమని పిలుస్తారు? మీ భాషలో రాయండి.' దాని కింద ఒక టిక్: 'నన్ను పెంచినవారు.' ఆ టిక్ పెడితే అప్లికేషన్ మేనేజర్ దగ్గరికి వెళ్తుంది, సిస్టమ్ తనంతట తానే తిప్పికొట్టదు. సెలవు తప్పకుండా వస్తుందని కాదు. కనీసం ఒక మనిషి చదువుతారు.

రిలీజ్‌కి ముందు టెస్టింగ్‌లో ఆ పెట్టె నింపాలి కదా. బెల్‌గ్రేడ్ నుంచి ఆవిడ 'ఉయ్నా' అని రాసింది. నేను తెలుగులో 'పెద్దమ్మ' అని రాశాను, కింద టిక్ పెట్టాను. ఈసారి ఎర్ర అక్షరాలు రాలేదు. టెస్ట్ పాస్ అని రాసి, కాసేపు స్క్రీన్ చూస్తూ కూర్చుండిపోయాను.

ఇక మీ వంతు. ఇందాక తెరిచిన కాంటాక్ట్స్ ఇంకా తెరిచే ఉన్నాయా? ఆ అంకుల్స్‌లో, ఆంటీల్లో అసలు చుట్టాలు ఎవరో చూసి, వాళ్ల వరస ఏదో అమ్మనో నాన్ననో అడిగి పేరు మార్చండి. బాబాయి, మేనమామ, పిన్ని, మేనత్త, ఎవరైతే వాళ్లు. తిట్లు తప్పవు, నేను పడ్డాను. నా ఫోన్‌లో 'పెద్దమ్మ రాజమండ్రి' నంబరు ఇంకా ఉంది. ఇప్పుడు ఎవరూ ఎత్తరు. తీసెయ్యలేదు, తీసెయ్యను.

వచ్చే వారం కలుద్దాం, బ్రాతె!